మెదడు గడ్డకు ఏ పరీక్ష చేయించాలి? పీడీ-ఎల్1, టీఎంబీ, ఎన్ఎల్ఆర్… ఒక ల్యాబు టెక్నీషియన్ లెక్క

పోయిన సోమవారం పలమనేరు దిక్కు నుంచి ఒక అబ్బాయి మా ల్యాబు కిటికీ దగ్గరకొచ్చాడు. చేతిలో బట్టల షాపు కవరు. అందులో ఎమ్మారై ఫిల్ములు, వాళ్ళ చిన్నాయన బయాప్సీ రిపోర్టు, ఒక కొటేషన్ కాగితం. కాగితం మీద ఆరు పరీక్షల పేర్లు, కింద మొత్తం.

"అన్నా, చిన్నాయనకు గడ్డ మళ్ళా వస్తాదా రాదా అనేది వీటిల్లో దేంట్లో తెలుస్తాది? అన్నీ చేపిచ్చే స్తోమత లేదు. ఒకటో రెండో చెప్పు" అన్నాడు.

నేను డాక్టర్ని కాను. తిరుపతిలో ఒక పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్ని. ఆపరేషన్లో తీసిన ముక్కను మైనంలో పొదిగి బ్లాకు చేసి, నాలుగు మైక్రాన్ల మందాన కోసి గాజుపలక మీద ఎక్కించడం నా పని. మందు రాసేది డాక్టరే. కానీ ఏ పరీక్షకు ఎంత ముక్క ఖర్చవుతుందో, ఏ రిపోర్టు చూశాక డాక్టరు నిజంగా మందు మారుస్తారో, ఏది ఫైల్లో అట్లే పడుంటుందో ఏళ్ళ తరబడి చూస్తున్నా. ఆ అబ్బాయికి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నా. ఇదంతా గ్లియోమాల గురించే, అంటే మెదడులో నరాల కణాలకు ఆసరాగా ఉండే గ్లియల్ కణాల రకం గడ్డలు. మెనింజియోమాకు (మెదడు పొరల్లో వచ్చే గడ్డ), వేరేచోట నుంచి మెదడుకు పాకిన క్యాన్సర్లకు లెక్క వేరే.

చెయ్యి విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చే ఊళ్ళు మావి. అక్కడ చేత్తో పట్టి చూసి ఎన్నాళ్ళకు అతుక్కుంటుందో చెప్పేస్తారు. మెదడు గడ్డ దగ్గర కూడా మనవాళ్ళు అట్లాంటి ఒక్కమాట జవాబే కోరుకుంటారు. అయితే కాగితం మీదున్న ఆరు పరీక్షలూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పవు. కొన్ని గడ్డ స్వభావం చెప్తాయి, అంటే ఎంత వేగంగా ముదిరే రకమో. కొన్ని ఫలానా మందు పనికొస్తుందా లేదా అనేది మాత్రమే చెప్తాయి. అబ్బాయి అడిగింది మొదటిది. కొటేషన్లో ఎక్కువ రేటున్నవన్నీ రెండోదానికి సంబంధించినవి, అదీ చాలావరకు వేరే క్యాన్సర్లలో రుజువైనవి.

ముందు ఇవి, తర్వాతే ఇమ్యూన్ పరీక్షలు

2021 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో పెద్దవాళ్ళకొచ్చే డిఫ్యూజ్ గ్లియోమాలు మూడు రకాలు. ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉన్న ఆస్ట్రోసైటోమా, ఐడీహెచ్ మార్పుతో పాటు 1పి/19క్యూ అనే క్రోమోజోమ్ ముక్కలు రెండూ పోయిన ఆలిగోడెండ్రోగ్లియోమా, ఐడీహెచ్ మార్పు లేని గ్లియోబ్లాస్టోమా. పైకి రెండు గడ్డలు ఒకేలా కనిపించినా ఐడీహెచ్ మార్పు ఉన్న మనిషి ఏళ్ళ తరబడి బతకొచ్చు, లేని మనిషికి నెలల్లో లెక్క కావచ్చు. గడ్డ ఎంత వేగంగా ముదురుతుందన్న ప్రశ్నకు ఇంతకన్నా గట్టి జవాబు ఇచ్చే ఇమ్యూన్ పరీక్ష, అంటే గడ్డకూ ఒంటి రోగనిరోధక శక్తికీ సంబంధించిన పరీక్ష, ఇప్పటికి లేదు.

ఐడీహెచ్1 ఆర్132హెచ్ అనే రంగు పరీక్ష ఒకే ఒక్క స్లైడు మీద అయిపోతుంది. గ్లియోమాల్లో దొరికే ఐడీహెచ్ మార్పుల్లో దాదాపు 90 శాతం ఇదే పట్టేస్తుంది. మనిషికి 55 ఏళ్ళలోపుండి రంగు పడకపోతే మాత్రం అక్కడ ఆగకూడదు, జన్యువు చదివించాలి. మిగతా పది శాతంలో ఆయన ఉండొచ్చు.

రెండోది ఎంజీఎంటీ మిథైలేషన్, అంటే కీమో మాత్ర కొట్టిన దెబ్బను గడ్డ కణంలో బాగుచేసే ఎంజీఎంటీ అనే జన్యువు మూతపడి ఉందా లేదా అని చూడటం. 2005లో వచ్చిన ట్రయల్ లెక్కల ప్రకారం ఈ జన్యువు మూతపడి ఉన్న గ్లియోబ్లాస్టోమా రోగుల్లో రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 15.3 నెలలు, టెమోజోలమైడ్ అనే కీమో మాత్ర కలిపి ఇచ్చినవాళ్ళది 21.7 నెలలు. వయసు మళ్ళినవాళ్ళ విషయంలో దీని విలువ ఇంకా ఎక్కువ. డెబ్బై దాటిన పెద్దాయనకు ఆరు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టించడమా, మాత్రలతో సరిపెట్టడమా అన్నది తేల్చడానికి డాక్టర్లు చాలాసార్లు ఈ రిపోర్టే చూస్తారు.

ఆ అబ్బాయి కాగితంలో ఎంజీఎంటీ లేదు. పీడీ-ఎల్1 ఉంది.

పీడీ-ఎల్1: మెదడు గడ్డలో పేరు గొప్ప, ఊరు దిబ్బ

గడ్డ కణాల మీదుండే పీడీ-ఎల్1 అనే ప్రొటీను మన టి-కణాల (గడ్డ మీద పోరాడే తెల్ల రక్తకణాలు) చేతులు కట్టేస్తుంది. ఆ కట్టు విప్పే మందులు నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్. ఊపిరితిత్తుల క్యాన్సర్లో పీడీ-ఎల్1 శాతం చూసి మందు రాయడం ఇప్పుడు మామూలైపోయింది. అక్కడ పనిచేసింది కాబట్టి ఇక్కడా పనిచేస్తుందని అందరూ అనుకున్నారు.

పనిచేయలేదు. తిరగబెట్టిన గ్లియోబ్లాస్టోమాలో నివోలుమాబ్‌ను బెవాసిజుమాబ్‌తో (గడ్డకు కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) పోల్చిన చెక్‌మేట్ 143 ట్రయల్ ఫలితం 2020లో అచ్చయింది. నివోలుమాబ్ తీసుకున్నవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 9.8 నెలలు, బెవాసిజుమాబ్ తీసుకున్నవాళ్ళది 10. మొదటి చికిత్సలోనే నివోలుమాబ్ పెట్టి చూసిన ఇంకో రెండు పెద్ద ట్రయల్సూ ఫలించలేదు. 2019లో 35 మందితో జరిగిన ఒక చిన్న ట్రయల్లో మాత్రం రెండోసారి ఆపరేషన్‌కు ముందే పెంబ్రోలిజుమాబ్ మొదలెట్టినవాళ్ళు 13.7 నెలలు, ఆపరేషన్ తర్వాత మొదలెట్టినవాళ్ళు 7.5 నెలలు బతికారు. ఆశ పెట్టే లెక్కే. కానీ అందులో తేడా తెచ్చింది మందు ఇచ్చిన సమయం, పీడీ-ఎల్1 శాతం కాదు.

నా బల్ల దగ్గర కనిపించే ఇబ్బంది వేరే ఉంది. పీడీ-ఎల్1కు వాడే యాంటీబాడీ క్లోన్లు నాలుగైదు రకాలు. 22సీ3 వేస్తే ఒక శాతం వస్తుంది, ఎస్పీ142 వేస్తే ఇంకొకటి. గ్లియోబ్లాస్టోమాలో ఈ రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది, ముక్క ఈ మూల నుంచి వచ్చిందా ఆ మూల నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పైగా గడ్డలో మూడో వంతు నుంచి సగం దాకా మాక్రోఫేజ్, మైక్రోగ్లియా అనే మన రోగనిరోధక కణాలే ఉండొచ్చు, వాటి మీదా రంగు పడుతుంది. మెదడు గడ్డకు ఇంత శాతం పైనుంటే ఎక్కువ అని అందరూ ఒప్పుకున్న గీత లేదు. రిపోర్టులో "15 శాతం" అని వస్తే ఇంటిల్లిపాదీ దాన్ని పరీక్ష మార్కుల్లా చూస్తారు. ఎక్కువ వస్తే మంచిదా చెడ్డదా అని అడుగుతారు. గ్లియోమాలో దానికి సూటి జవాబు లేదు.

ఇక్కడే ఒక తిరకాసు. చాలా క్యాన్సర్లలో గడ్డలోకి టి-కణాలు ఎంత ఎక్కువ చొరబడితే అంత మంచిది. గ్లియోమాలో ఐడీహెచ్ మార్పున్న గడ్డ 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, అది టి-కణాలను మందగింపజేస్తుంది. అందుకే ఆ గడ్డల్లో టి-కణాలు తక్కువ, పీడీ-ఎల్1 కూడా తక్కువ. అయినా ఎక్కువ కాలం బతికేది ఆ రోగులే. కాబట్టి "సీడీ8 కణాలు (టి-కణాల్లో ఒక రకం) తక్కువ" అన్న లైను చదివి గుండె జారిపోనక్కర్లేదు. ముందు ఐడీహెచ్ ఏమని వచ్చిందో చూడండి.

సీడీ163 లాంటి మాక్రోఫేజ్ గుర్తుల సంగతీ ఇంతే. అవి ఎక్కువగా ఉన్న గడ్డలు ముదురువని అధ్యయనాలు వచ్చాయి, కానీ ఆ అంకె చూసి మందు మార్చే డాక్టర్ని నేను చూడలేదు. పది పదిహేను ఇమ్యూన్ జన్యువుల స్కోరు కట్టి గడ్డ జాతకం చెప్తామనే పేపర్లు వందల్లో వస్తున్నాయి. చాలావాటికి ముడిసరుకు ఒకటే, ఇంటర్నెట్లో అందరికీ అందుబాటులో ఉన్న టీసీజీఏ అనే అమెరికా క్యాన్సర్ జన్యు సమాచారం. ఒక పేపర్లోని జన్యువుల జాబితా ఇంకో పేపర్లో ఉండదు. పరిశోధన కోసం మీ సంతకం తీసుకుని ఉచితంగా చేస్తామంటే ముక్క ఇవ్వండి. డబ్బు కట్టి మాత్రం చేయించొద్దు.

టీఎంబీ, ఎంఎంఆర్: మేనరికం ఉంటే లెక్క మారుతుంది

టీఎంబీ అంటే గడ్డలో మొత్తం ఎన్ని జన్యు మార్పులున్నాయో లెక్కపెట్టడం. మెగాబేసుకు (పది లక్షల డీఎన్ఏ అక్షరాలకు) పది దాటితే ఏ గడ్డకైనా పెంబ్రోలిజుమాబ్ వాడొచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ అనుమతిచ్చింది. ఆ మాట ఇక్కడి కొటేషన్ కాగితాల దాకా వచ్చేసింది. కానీ అదే 2020లో ఇంకో సంగతి బయటపడింది. టెమోజోలమైడ్ నెలల తరబడి వాడాక కొన్ని గ్లియోమాల్లో మార్పులు ఒక్కసారిగా పెరిగి టీఎంబీ అంకె ఆకాశానికెక్కుతుంది. కానీ టి-కణాలు గడ్డను అంత తేలిగ్గా పసిగట్టలేవు, ఇమ్యూన్ మందుకు జవాబూ పెద్దగా రాదు. రెండో ఆపరేషన్ తర్వాత "టీఎంబీ హై" అని రిపోర్టొస్తే లక్షల మందు కోసం పొలం అమ్మకానికి పెట్టకముందే "ఇది టెమోజోలమైడ్ వల్ల వచ్చిందా?" అని డాక్టర్ని అడగండి.

పిల్లల దగ్గర, పడుచువాళ్ళ దగ్గర మాత్రం నా మాట పూర్తిగా మారుతుంది.

కొన్నేళ్ళ కింద మా దగ్గరికి ఒక పిల్లవాడి బ్లాకు వచ్చింది. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు పడే తప్పులు దిద్దే ఎంఎంఆర్ ప్రొటీన్లు నాలుగుంటాయి: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. ఒక్కోదానికి ఒక్కో స్లైడు వేశాను. పీఎంఎస్2 స్లైడులో గడ్డ కణాలకు రంగు పడలేదు. మామూలుగా అయితే పక్కనున్న రక్తనాళం గోడ కణాలు గోధుమరంగులో కనబడాలి, వాటిని చూసే రంగు సరిగా పడిందని నమ్ముతాం. అవీ నీలంగానే ఉన్నాయి. నా పొరపాటే అనుకుని మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. కంట్రోల్ స్లైడు మాత్రం శుభ్రంగా ఉంది. స్లైడు పట్టుకుని పోతే మా మేడమ్ మైక్రోస్కోపు నుంచి తలెత్తకుండానే "తల్లిదండ్రులది మేనరికమా కనుక్కో" అన్నారు. మేనరికమే. పిల్లవాడి ఒంటి మీద కాఫీ రంగు మచ్చలున్నాయి.

దీన్ని సీఎంఎంఆర్‌డీ అంటారు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండూ చెడిపోయిన ఎంఎంఆర్ జన్యువులే వస్తే ఒంట్లోని ప్రతి కణంలోనూ ఆ ప్రొటీను ఉండదు. రక్తసంబంధపు పెళ్ళిళ్ళున్న కుటుంబాల్లో దీనికి అవకాశం ఎక్కువ. అక్కకూతుర్ని, మేనమామ కొడుకుని చేసుకునే ఇళ్ళు మన చిత్తూరు జిల్లాలో ఎన్నో వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ పరీక్ష మందును మార్చేస్తుంది. టెమోజోలమైడ్ కణాన్ని చంపాలంటే ఎంఎంఆర్ ప్రొటీన్లు పనిచేయాలి, అవి లేకపోతే ఆ మాత్ర పెద్దగా పనిచేయదు. అదే సమయంలో పుట్టుకతోనే మార్పులు గుట్టగా ఉన్న ఈ గడ్డలు కొన్ని నివోలుమాబ్‌కు లొంగాయని 2016 నుంచి రిపోర్టులున్నాయి. ఇంట్లో మిగతా పిల్లలనూ చూపించాల్సి ఉంటుంది.

కాబట్టి రోగి పిల్లవాడో పడుచువాడో అయ్యుండి, గడ్డ హై గ్రేడ్ (వేగంగా ముదిరే రకం) అని వచ్చి, తల్లిదండ్రులది దగ్గరి సంబంధమో, ఒంటి మీద కాఫీ మచ్చలో, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సరో ఉంటే, ఎంఎంఆర్ నాలుగు స్లైడ్లు ముందు చేయించండి. టీఎంబీ ప్యానెల్ ఖర్చులో ఇది చిన్న వంతు.

చవకైనది, అందరూ తప్పుగా చదివేది

ఎన్ఎల్ఆర్‌కు వేరే పరీక్ష అక్కర్లేదు. సీబీసీ రిపోర్టులో న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగిస్తే వచ్చేదే. గ్లియోబ్లాస్టోమాలో ఇది నాలుగు దాటినవాళ్ళకు సగటున ఆయుష్షు తక్కువని చాలా అధ్యయనాలు చెప్పాయి. ఖర్చు వందల్లోనే. అందుకే ఇమ్యూన్ పరీక్షల్లో ఏదైనా ఒకటి వాడుకోమంటే నేను దీన్నే చెప్తాను. కానీ చదవడం తెలియాలి.

మా మామయ్యకు గడ్డ బయటపడినప్పుడు మేమే బోల్తాపడ్డాం. ఒక ప్రైవేటు ల్యాబు రిపోర్టులో టోటల్ కౌంట్ 11,800, న్యూట్రోఫిల్స్ 84, లింఫోసైట్స్ 9 అని ఉంది. కింద ఎర్ర అక్షరాల్లో ఎన్ఎల్ఆర్ 9.3, పక్కన "పూర్ ప్రాగ్నోసిస్" అని కూడా కొట్టారు. మా అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ల్యాబులో పనిచేస్తూ కూడా నాకు వెంటనే తట్టలేదు, ఆయన అప్పటికే వారం రోజులుగా రోజుకు మూడుసార్లు డెక్సామెథాసోన్ మీదున్నాడని. మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే ఆ స్టెరాయిడ్ న్యూట్రోఫిల్స్‌ను పెంచుతుంది, లింఫోసైట్స్‌ను తగ్గిస్తుంది. ఆపరేషన్ తర్వాత డాక్టరు డోసు మెల్లగా తగ్గించి ఆపేశాక మళ్ళీ చూస్తే కౌంట్ 7,200, న్యూట్రోఫిల్స్ 66, లింఫోసైట్స్ 24. భాగిస్తే 2.75. గడ్డ అదే, మనిషీ ఆయనే.

అందుకని మీ దగ్గర ఫిట్స్ కోసమో తలనొప్పికో మొదటిసారి ఆస్పత్రికి పోయిన రోజు సీబీసీ ఉంటే, డెక్సా ఇంజెక్షన్ పడకముందుదైతే, అది పారేయకండి. నమ్మదగ్గ ఎన్ఎల్ఆర్ అదే. తర్వాతి రిపోర్టుల మీద ఆ రోజు వాడుతున్న స్టెరాయిడ్ డోసు పెన్నుతో రాసిపెట్టుకోండి. అంకె బాగా రావాలని స్టెరాయిడ్ మీరే ఆపేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు.

సీబీసీలో ఇంకో ఉపయోగం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. రేడియేషన్, టెమోజోలమైడ్ కలిపి ఇచ్చాక లింఫోసైట్స్ బాగా పడిపోతాయి. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో చికిత్స మొదలైన రెండు నెలలకు 40 శాతం మందిలో సీడీ4 కణాలు (లింఫోసైట్స్‌లో ఒక రకం) 200 కంటే తగ్గాయి. అట్లా తగ్గినవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 13.1 నెలలు, తగ్గనివాళ్ళది 19.7. గడ్డ ముదరడమే కాదు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ భయం కూడా ఉంటుంది. డాక్టర్లు ఆ సమయంలో కోట్రైమోక్సజోల్ మాత్ర రాసేది అందుకే. అది గడ్డ మందు కాదని మధ్యలో మానేసేవాళ్ళు మాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.

రక్తంలో గడ్డ డీఎన్ఏ వెతికే లిక్విడ్ బయాప్సీ మెదడు దగ్గర ఇంకా బలహీనమే. మెదడుకు రక్తానికి మధ్యనున్న అడ్డుగోడ దాటి బయటికొచ్చేది చాలా తక్కువ. వెన్నునీటిలో కొంచెం మెరుగు. ఐజీఈ (అలర్జీ తెలిపే రక్తపరీక్ష) చేయించమంటారా అని కూడా ఒకాయన అడిగాడు. ఉబ్బసం, అలర్జీలున్నవాళ్ళలో గ్లియోమా తక్కువగా కనబడుతుందని చదివాడంట. ఆ మాట నిజమే. కానీ గడ్డ వచ్చాక ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

"ఇప్పుడు పెరుగుతోందా?" అంటే

దీనికి రక్తపరీక్ష కంటే ఎమ్మారైయే మేలు. అందులోనూ మోసముంది. రేడియేషన్ అయిపోయిన మొదటి మూడు నెలల్లో తీసిన ఎమ్మారైలో గడ్డ పెరిగినట్టే కనబడి, ఏ మందూ మార్చకుండానే తర్వాత తగ్గిపోవచ్చు. చచ్చిన కణాల చుట్టూ చేరే వాపు అది, దీన్ని సూడోప్రోగ్రెషన్ అంటారు. ఎంజీఎంటీ మూతపడి ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనబడుతుంది. మొదట్లోనే ఎంజీఎంటీ చేయించుకుంటే ఇక్కడ కూడా పనికొస్తుందన్నమాట. ఇమ్యూన్ మందుల మీదున్నవాళ్ళకు మొదటి ఆరు నెలల్లో గడ్డ పెరిగినట్టు కనిపించినా, మనిషి బాగుంటే మూడు నెలలాగి మళ్ళీ తీసి నిర్ధారించుకోమని 2015లో వచ్చిన ఐరానో నియమాలు (ఇమ్యూన్ మందులప్పుడు స్కాను ఎట్లా చదవాలో చెప్పేవి) చెప్తాయి. మామూలు ఎమ్మారైతో పాటు పర్ఫ్యూజన్ (గడ్డలో రక్తప్రసరణ చూసే స్కాను) తీయించమని డాక్టరు రాస్తే డబ్బు దండగ అనుకోవద్దు. పీడీ-ఎల్1కు పెట్టే డబ్బు దీనికి పెట్టడం నాకైతే న్యాయమనిపిస్తుంది.

బ్లాకు మీది

మెదడు బయాప్సీలో వచ్చే ముక్క ఒక్కోసారి బియ్యపు గింజంత. ప్రతి రంగుకూ ఒక పొర పోతుంది, ప్రతిసారీ బ్లాకును మెషిన్ మీద సరిచేసేటప్పుడు ఇంకొంత పోతుంది. ముందు పీడీ-ఎల్1, సీడీ8, సీడీ163 అని కోసేసి తర్వాత ఎంజీఎంటీకి పంపుదామంటే మైనం తప్ప ఏమీ మిగలని కేసులు చూశాను. అందుకే వరస ముఖ్యం. ఐడీహెచ్, ఏటీఆర్ఎక్స్ (గడ్డ రకం తేల్చే ఇంకో రంగు పరీక్ష) తర్వాత ఎంజీఎంటీకి సరిపడా పొరలు పక్కన పెట్టించండి. అవసరమైతే 1పి/19క్యూ. మిగిలితే మిగతావి.

స్విమ్స్‌లో చూపించుకున్నా, చిత్తూరు మీదుగా వేలూరు సీఎంసీకి పోయినా, బెంగళూరు నిమ్హాన్స్‌కు పోయినా అక్కడ కొత్తగా ఆపరేషన్ చేయనక్కర్లేదు, ఇక్కడి బ్లాకునే అడుగుతారు. ల్యాబులో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. స్లైడ్లు ముందే కోయించి నెలల తరబడి ఇంట్లో పెట్టుకుంటే రంగు సరిగా పట్టదు. పంపే ముందు రోజు కోయించడం మేలు. ఇంకో సంగతి, ఈ మైనం అరవై డిగ్రీలకు కొంచెం అటూ ఇటూగా కరుగుతుంది. మే నెలలో రేణిగుంట రోడ్డు మీద ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు ఆ వేడికి తేలిగ్గా చేరుకుంటుంది. ఒకసారి అట్లా మెత్తబడి క్యాసెట్‌కు అతుక్కుపోయిన బ్లాకు నా చేతికొచ్చింది.

కార్డు మీద వైద్యం చేయించుకునేవాళ్ళు పరీక్షల్లో ఏవి ప్యాకేజీలో వస్తాయో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర ముందే కనుక్కోవాలి. తర్వాత బిల్లు పట్టుకుని తిరగడం కంటే అది సులువు.

ఆ అబ్బాయి చిన్నాయనకు అరవై రెండేళ్ళు, గ్లియోబ్లాస్టోమా, ఐడీహెచ్ రంగు పడలేదు. కాగితం మీద పీడీ-ఎల్1, టీఎంబీ, సీడీ8, సీడీ163 పక్కన గీతలు గీసి, "డాక్టర్ని ఒకమాట అడిగి కొట్టేయించుకో, ఎంజీఎంటీ రాయించుకో" అన్నాను. ఫోన్ చేసి అడిగాడు, ఆయన సరేనన్నారు. సాయంత్రానికి స్లైడ్లు కోసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి బ్లాకుతో పాటు ఇచ్చాను. వేలూరు బస్సుకు పోతూ ఆ డబ్బాను పై అరలో బ్యాగులో పెడతానన్నాడు.

"పైన వద్దు తమ్ముడూ, ఒళ్ళో పెట్టుకో. కిటికీ పక్కన ఎండ పడే సీట్లో కూర్చోవద్దు" అన్నాను.